ఊరికి దూరంగా ఉన్నవారి కోసం ఆన్‌లైన్ సోడా బంకు నడపడం ఎలా?

ఆన్‌లైన్ సోడా బంకు అంటే మద్యం లేని వర్చువల్ బార్. వర్చువల్ బార్ అంటే, ఒక సమూహానికి చెందినవారు వారంలో ఒక నిర్ణీత సమయానికి ఫోనులోనో కంప్యూటరులోనో ఒకచోట చేరి, లేని కౌంటరు వెనుక నిలబడిన ఒకరి దగ్గర లేని పానీయాలు అడిగి తీసుకొని, నిజమైన కబుర్లు చెప్పుకొనే చోటు. పానీయం ఊహలోనిదే కనుక అది బాగుందా లేదా అన్న ప్రశ్న రాదు. వచ్చినవారిని ఎవరైనా పలకరించారా లేదా అన్న ఒక్క విషయం మీదే ఆ చోటు నిలబడడమో మూతపడడమో ఆధారపడి ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాదులకు, కువైట్, డాలస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్‌లకు వెళ్ళి స్థిరపడినవారికి ఇటువంటి చోటు ఎంతో అవసరమని నా నమ్మకం. పండుగ శుభాకాంక్షల బొమ్మలు పంపుకొనే గ్రూపులు ప్రతి కుటుంబంలోనూ ఉన్నాయి. ఎవరి పుట్టినరోజూ కాని రోజున, ఏ పనీ లేకుండా ఊరికే వచ్చి కాసేపు కూర్చుని పోగలిగిన చోటు మాత్రం అరుదు. దానిని ఏర్పాటు చేయడానికి డబ్బు అక్కరలేదు. ఓపిక గల ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి.

మద్యం సంగతి ముందుగా తేల్చుకోవాలి

బార్ అన్న మాటకు మన ప్రాంతంలో ఒక చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని దూబగుంటలో, అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. వర్థినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమంతోనే రాష్ట్రమంతటా తెలిసింది. ఆ కదలిక ఊరూరా వ్యాపించగా 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చాయి. 1997లో నిషేధాన్ని సడలించినప్పటికీ, నాటి పోరాటాన్ని చూసిన తల్లులు, వారి కూతుళ్ళు, మనవరాళ్ళు ఈనాడు మన వాట్సాప్ గ్రూపులలో సభ్యులుగా ఉన్నారు. వారిని పిలిచే చోటుకు బార్ అని పేరు పెట్టి, ఆహ్వానం మీద సీసాల బొమ్మలు వేస్తే, వారిలో చాలామంది లింకు నొక్కకుండానే ఆగిపోతారు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పరు కనుక నిర్వాహకులకు ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

అందువల్ల నడిపే పద్ధతిని బార్ నుంచి తీసుకొని, పేరునూ సరుకునూ సోడా బంకు నుంచి తీసుకోవడం మేలు. బార్ పద్ధతిలో నిజంగా విలువైనవి కొన్ని ఉన్నాయి. ఎప్పుడైనా రావచ్చు, ఎప్పుడైనా లేచి పోవచ్చు. ఎందుకు వచ్చావని ఎవరూ అడగరు. ఒక మూల ఒంటరిగా కూర్చుంటే తప్పు పట్టరు. కౌంటరు వెనుక ఉన్న ఒక మనిషి మాత్రం అందరినీ గమనిస్తూ ఉంటాడు. ఇవన్నీ మద్యం లేకుండానే సాధ్యం.

ఇంట్లో కూర్చుని తాగే అలవాటున్నవారు కూడా సభ్యులలో ఉంటారు. వారిని దోషులుగా చూడకూడదు గాని, మూడు నియమాలు మాత్రం మొదటి రోజే చెప్పాలి. కెమెరాకు సీసా కనిపించకూడదు. తాగనివారిని "ఒక్క పెగ్గే కదా" అని ఎవరూ బలవంతపెట్టకూడదు. తాగడం గురించిన గొప్పలు ఈ చోట వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి చట్టం పెట్టిన వయసు 21 సంవత్సరాలు. మన బంకుకు ఇంటరు, డిగ్రీ చదివే పిల్లలు కూడా వస్తారు కనుక ఈ కట్టుబాటు అవసరం.

పలక మీద ఏమి రాయాలి

ధరల పలక లేని బంకు ఉండదు. ఇక్కడ ధరలు అక్కరలేదు గాని, పలక తప్పక ఉండాలి, ఎందుకంటే ఏం మాట్లాడాలో తెలియక బిడియపడే మనిషికి "ఏం తీసుకుంటారు?" అన్న ప్రశ్న, దానికి జవాబు చెప్పడానికి కళ్ళ ముందున్న నాలుగు పేర్లు పెద్ద ఆసరా. గోలీ సోడా, నిమ్మ సోడా, నన్నారి షర్బత్, మజ్జిగ, చెరకు రసం, రాగి జావ, కొబ్బరి నీళ్ళు, అల్లం టీ, మద్రాసు దగ్గరతనం వల్ల మన ఇళ్ళలో స్థిరపడిన ఫిల్టర్ కాఫీ, వేసవిలో తాటి ముంజలు ఉంటే చాలు. తినడానికి మిరపకాయ బజ్జీలు, వేయించిన శనగలు, నెల్లూరు మలై కాజా, ఒంగోలు మైసూరుపాకు పెట్టవచ్చు. గూడూరు, పొదలకూరు నిమ్మకాయల మార్కెట్ల గురించి తెలిసినవారు ఒక్కరున్నా నిమ్మ సోడా చుట్టూనే అరగంట కబుర్లు నడుస్తాయి. పలకను ఋతువును బట్టి మార్చాలి. మే నెలలో అల్లం టీ పైన ఉండకూడదు, కార్తెల వానలలో చెరకు రసం పైన ఉండకూడదు.

పానీయం అందించే విధానంలోనే బంకు చూసేవారి నేర్పు తెలుస్తుంది. ఒక గ్లాసు బొమ్మ పంపి ఊరుకుంటే అది సరఫరా అవుతుంది గాని మర్యాద కాదు. రెండు వాక్యాలలో ఆ పానీయాన్ని ఎదుటివారి కళ్ళకు కట్టించి, చివర ఒక్క మాటలో జవాబు చెప్పగలిగిన చిన్న ప్రశ్న అడగాలి. ఉదాహరణకు, "కువైట్ నుంచి వచ్చిన అక్కకు నన్నారి సోడా. అడుగున రెండు వేళ్ళ మందాన నన్నారి, మూడు ఐసు ముక్కలు, పైన గోలీ సోడా పోశాను. నిమ్మచెక్క పిండమంటారా?" అని రాస్తే, ఆమె "పిండు తమ్ముడూ" అని తప్పక అంటుంది. ఆ మాటతో ఆమె లోపలికి వచ్చినట్టే. తరువాత మాట్లాడాలా, వింటూ కూర్చోవాలా అన్నది ఆమె ఇష్టం.

వర్ణించడానికి సరుకు గురించిన జ్ఞానం కూడా కావాలి. గోలీ సోడా సీసాను 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ అనే ఇంజనీరు పేటెంటు చేశాడు. లోపలి వాయువు ఒత్తిడి గోలీని మూతి దగ్గరి రబ్బరు వలయానికి అదిమి ఉంచుతుంది. పైనుంచి గట్టిగా నొక్కగానే ఒత్తిడి తప్పి, గోలీ మెడలోని నొక్కు దగ్గరికి జారుతుంది, ఆ శబ్దం వస్తుంది. ఆ శబ్దాన్ని అక్షరాలలో రాయడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా ప్రయత్నించడమే ఒక సాయంత్రానికి సరిపడే వినోదం. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలకు గోలీ ఎందుకు బయటికి పడదో చెప్పే అవకాశం కూడా దీనివల్లనే దొరుకుతుంది.

ఏ యాప్ ఎంచుకోవాలి

అందరి చేతిలోనూ ఉన్నది వాట్సాప్ కనుక అక్కడే మొదలుపెట్టాలని ఎవరికైనా తోస్తుంది. ఒక గ్రూపులో 1024 మంది వరకు చేరవచ్చు, ఒక కాల్‌లో 32 మంది వరకు మాట్లాడుకోవచ్చు. అయితే సాధారణంగా అక్కడ ప్రతి సభ్యుని ఫోను నంబరు మిగిలినవారికి కనిపిస్తుంది. ఒకరినొకరు ఎరుగని వందమంది చేరే చోట స్త్రీలకు ఇది నిజమైన ఇబ్బంది. అర్ధరాత్రి అపరిచితుల నుంచి "హాయ్" అన్న సందేశాలు రావడం మొదలైతే వారు మౌనంగా గ్రూపు విడిచిపోతారు. కుటుంబం వరకే, లేదా ఒకే బ్యాచి స్నేహితుల వరకే పరిమితమైన బంకుకు వాట్సాప్ చాలు. అంతకు మించితే టెలిగ్రామ్‌ను ఎంచుకోవాలని నా అభిప్రాయం. అక్కడ నంబరు ఎవరికీ కనిపించకుండా సెట్టింగులలో పెట్టుకొని, పేరుతో మాత్రమే చేరవచ్చు. గ్రూపులోనే వాయిస్ చాట్ తెరిచి ఉంచితే, ఎవరినీ పిలవకుండా, ఎవరి ఫోనూ మోగకుండా, వచ్చినవారు వచ్చినట్టు చేరుతూ ఉంటారు. ఈ సౌకర్యం బంకు స్వభావానికి సరిగ్గా సరిపోతుంది. డిస్కార్డ్‌లో కూడా ఇదే వీలున్నది, పైగా గదులు విడివిడిగా పెట్టుకోవచ్చు. కాని అరవై దాటిన మేనత్తలకూ పెదనాన్నలకూ అది నేర్పడం కష్టమని అనుభవం గలవారందరూ చెబుతారు.

జూమ్, గూగుల్ మీట్ సమావేశాలకు అనువైనవి. ఉచిత ఖాతాలో జూమ్ 40 నిమిషాలకు ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు అంతకంటే ఎక్కువమంది ఉంటే 60 నిమిషాల పరిమితి ఉంది. ఎవరో ఒకరు మనసు విప్పి మాట్లాడుతున్నప్పుడు తెర ఆగిపోవడం కంటే నిరుత్సాహపరిచేది లేదు. వీడియో కోసం పట్టుపట్టవద్దని కూడా గట్టిగా చెబుతాను. చీకటిగదిలో పిల్లను నిద్రపుచ్చుతూ వినే తల్లి, హాస్టలు గదిలో నలుగురి మధ్య ఉన్న విద్యార్థి, ఇతరుల ఇంట్లో పనిచేస్తున్న మనిషి కెమెరా పెట్టలేరు. ముందు రాత, తరువాత మాట, ఇష్టమైతేనే ముఖం అన్న క్రమం అందరికీ సౌకర్యంగా ఉంటుంది.

గడియారం లెక్క

వేళ ఎంచుకోవడంలో న్యాయం పాటించడం చాలా ముఖ్యం, ఎందుకంటే నిర్వాహకులు తమకు అనువైన వేళనే అందరికీ అనువైన వేళగా భావించడం సహజం. మన శనివారం రాత్రి 8.30 అయితే దుబాయిలో 7 గంటలు, కువైట్‌లో సాయంత్రం 6 గంటలు. సింగపూరులో రాత్రి 11. లండనులో చలికాలం 3 గంటలు, వేసవిలో 4 గంటలు. న్యూజెర్సీలో చలికాలం ఉదయం 10, వేసవిలో 11. డాలస్‌లో అంతకంటే ఒక గంట తక్కువ, కాలిఫోర్నియాలో మూడు గంటలు తక్కువ. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో మాత్రం అర్ధరాత్రి దాటి ఒంటిగంటో రెండో అవుతుంది. అంటే ఈ ఒక్క వేళనే పట్టుకొని కూర్చుంటే ఆస్ట్రేలియాలోని వారు ఎన్నటికీ రాలేరు. వారి కోసం నెలలో ఒకటి రెండు ఆదివారాలు మన మధ్యాహ్నం 12 గంటలకు తెరిస్తే, వారికి సాయంత్రం నాలుగున్నరో ఐదున్నరో అవుతుంది. మన ఆదివారం ఉదయం 7.30కు తెరిస్తే న్యూజెర్సీలో శనివారం రాత్రి 9 లేదా 10 గంటలు, కనుక ఇక్కడివారు ఫిల్టర్ కాఫీతో, అక్కడివారు భోజనాలు ముగించుకొని కలుసుకోవచ్చు. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారుతాయి. ఆ వారాలలో ఆహ్వానంలోనే కొత్త వేళను ఆయా నగరాల పేర్లతో రాయాలి.

కువైట్ గురించి ఒక మాట విడిగా చెప్పాలి. మన నెల్లూరు జిల్లా నుంచి అక్కడి ఇళ్ళలో పనికి వెళ్ళిన స్త్రీలు ఎందరో ఉన్నారు. సాయంత్రం ఆరు గంటలకు వారి పని పూర్తికాదు. అందువల్ల మాటల బంకు రెండు గంటలే నడిచినా, రాతల కౌంటరు మాత్రం రాత్రంతా తెరిచి ఉండాలి. పని ముగించుకొని వచ్చి ఆమె రాసిన "ఒక టీ" అన్న మాటకు, తెల్లవారి చూసినా సరే, టీ అందించి పలకరించాలి. రంజాను నెలలో ఇఫ్తార్, తరావీహ్ నమాజు వేళలను చూసుకొని ఒక గంట ఆలస్యంగా తెరవడం కూడా మర్యాద.

కౌంటరు వెనుక నిలబడేవారి పని

ఇదే అసలు విషయం. బంకు చూసే మనిషి మాటకారి కానవసరం లేదు. నా దృష్టిలో మంచి మాటకారి ఈ పనికి అంతగా పనికిరాడు, ఎందుకంటే అతని చుట్టూ నలుగురు చేరి నవ్వుతుండగా ఐదవ మనిషి వచ్చి, ఎవరూ చూడక, తిరిగి వెళ్ళిపోతాడు. ఆ ఐదవ మనిషిని చూడగలవారు కావాలి. ఎవరైనా చేరిన నిమిషంలోపల పేరు పెట్టి పిలవాలి, ఊరు తెలిస్తే ఊరిని కలిపి పిలవాలి, ఏం తీసుకుంటారో అడగాలి. "ఏమబ్బయ్యా, ఎట్టుండావు? ఎండన పడి వచ్చినట్టుండావే, ముందు మజ్జిగ తాగు" అని నెల్లూరు మాటలో అంటే, ఎన్నో ఏళ్ళుగా ఆ మాట చెవిన పడనివారికి అంతకంటే స్వాగతం ఉండదు. ఒంగోలు వైపువారు వారి తీరున మాట్లాడాలి, మార్కాపురం వైపువారు వారి తీరున మాట్లాడాలి. ఎవరి మాటనూ ఎవరూ దిద్దకూడదు, వెక్కిరించకూడదు.

పలకరింపు తరువాతి పని కలపడం. కొత్తవారిని గుంపు మధ్యలో నిలబెట్టి "మీ గురించి చెప్పండి" అనడం పరీక్షకు కూర్చోబెట్టడంలాగే ఉంటుంది. దానికి బదులుగా వారిని ఒక్క మనిషితో కలపాలి. "ఈ అన్నది కందుకూరు, మీరు కావలిలో చదివానన్నారు కదా, ఇద్దరూ ఆ రోడ్డు బస్సులు ఎక్కినవారే" అని చెప్పి తప్పుకుంటే, తక్కిన సంభాషణ వారే నడుపుకుంటారు. కందుకూరు జిల్లాల పునర్విభజన వల్ల ప్రకాశం, నెల్లూరు జిల్లాల మధ్య మారిన ఊరు కనుక, ఆ ఊరివారు దొరికితే తమది ఏ జిల్లా అనుకుంటున్నారో అడగవచ్చు. ఆ ప్రశ్నకు ప్రతివారి దగ్గరా చెప్పవలసినది కొంత ఉంటుంది.

దీనికంతటికీ ఒక చిన్న పుస్తకం పెట్టుకోవాలి. ఎవరు ఏ ఊరు, ఏ పానీయం అడుగుతారు, పోయినసారి ఏ విషయం మధ్యలో ఆగింది అన్నవి రెండు మాటలలో రాసుకుంటే, మళ్ళీ వచ్చినప్పుడు "అమ్మగారి కంటి ఆపరేషన్ అయిందా?" అని అడగగలుగుతాము. ఒకే వ్యక్తి ప్రతివారమూ ఈ బాధ్యత మోయలేడు. ఇద్దరు కలిసి నిలబడాలి. ఒకరు కౌంటరు దగ్గర పలకరిస్తుంటే, రెండవవారు వాకిలి దగ్గర ఉండి కొత్తవారిని లోపలికి తీసుకోవడం, ఎవరైనా హద్దు మీరుతుంటే గమనించడం చేయాలి. ఆ ఇద్దరిలో ఒక స్త్రీ తప్పక ఉండాలని పట్టుబడతాను, ఎందుకంటే ఎవరైనా వేధించినప్పుడు ఆ సంగతి మరొక స్త్రీకి చెప్పుకోవడం సులభం.

అడగదగిన ప్రశ్నలు, అడగరానివి

"మీది ఏ ఊరు?" అన్న ప్రశ్న మనవారందరికీ ఇష్టమైనదే. ఊరు తెలిసిన తరువాత వచ్చే "మీ ఇంటిపేరేమిటి?" అన్న ప్రశ్న వెనుక చాలాసార్లు కులం తెలుసుకోవాలన్న ఉద్దేశం ఉంటుందని అందరికీ తెలుసు. అడిగేవారు చనువుతో అడిగినా, విన్నవారిలో కొందరికి అది గుండెలో గుచ్చుకుంటుంది. అందుకని ఇంటిపేర్లు ఆరా తీయకూడదన్న నియమాన్ని పలక మీదే రాయాలి. సభ్యులు తమ పేరుకు ముందు ఊరి పేరు తగిలించుకుంటే ఇంటిపేరు చోటు దానికదే నిండుతుంది. జీతం, వీసా స్థితి, పెళ్ళి ఎప్పుడు, పిల్లలెందుకు లేరు అన్న ప్రశ్నలు కూడా ఇటువంటివే. ఎవరైనా తమంతట తాము చెప్పుకుంటే వినాలి, అంతే.

రాజకీయాలను పూర్తిగా నిషేధించడం మన జిల్లాలలో సాధ్యం కాదు, అక్కరలేదు కూడా. ఎన్నికల కాలంలో మాత్రం దానికి వేరే గది తెరిచి, ప్రధాన కౌంటరు దగ్గరకు ఆ చర్చ రాకుండా చూడాలి. సినిమా హీరోల అభిమానుల మధ్య వాదాలకు కూడా అదే మందు.

గొడవ వచ్చినప్పుడు

ఎవరైనా నోరు జారితే అందరి ముందు మందలించకూడదు. అవమానం తట్టుకోలేక వారు ఇంకా రెచ్చిపోతారు. వాకిలి దగ్గర ఉన్నవారు విడిగా ఒక సందేశం పంపి, ఏ మాట తప్పో స్పష్టంగా చెప్పాలి. మానకపోతే ఆ రాత్రికి మ్యూట్ చేయాలి. మరునాడు పగటిపూట ఫోను చేసి మాట్లాడాలి. మళ్ళీ జరిగితే తొలగించాలి. స్త్రీలకు అడగని వ్యక్తిగత సందేశాలు పంపడం, చాటుగా స్క్రీన్‌షాట్లు తీసి బయట పంచడం, అనుమతి లేకుండా మాటలు రికార్డు చేయడం అన్నవాటికి ఈ మెట్లు వర్తించవు. వాటికి మొదటిసారే తొలగింపు. తొలగించవలసినవారు ఎవరి బంధువైనా, ఎంత పెద్దవారైనా ఈ నియమం మారకూడదు, మారితే మిగిలిన నియమాలను ఎవరూ నమ్మరు.

డబ్బు వ్యవహారాలను మొదటినుంచీ దూరం పెట్టాలి. చీటీలు, గొలుసుకట్టు వ్యాపారాలు, స్థలాల ప్రకటనలు బంకులోకి వచ్చిన రోజున జనం జేబు పట్టుకొని కూర్చుంటారు. ఒక సభ్యుని ఖాతాను దొంగిలించి, అతని పేరుతో "అత్యవసరంగా పదివేలు పంపు" అని అడిగే మోసాలు ఇటువంటి గ్రూపులలోనే ఎక్కువగా పారుతాయి. డబ్బు అడిగిన సందేశం ఏది వచ్చినా ఆ మనిషికి ఫోను చేసి గొంతు విన్నాకనే నమ్మాలని, ఇప్పటికే పంపినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలని పలక అడుగున శాశ్వతంగా రాసి ఉంచాలి.

కొన్ని రాత్రులు గొడవ కాదు, దుఃఖం వస్తుంది. పరాయి దేశంలో ఉద్యోగం పోయినవారు, తల్లి చివరిచూపుకు రాలేకపోయినవారు కౌంటరు దగ్గర బయటపడతారు. అప్పుడు వర్ణనలూ వినోదాలూ ఆపి, ఒకరు వారిని విడిగా మాటల గదిలోకి తీసుకువెళ్ళి వినాలి. సలహాలు కుమ్మరించకూడదు. ప్రాణం మీదికి తెచ్చుకొనే మాటలు వినిపిస్తే, భారతదేశంలో ఉన్నవారికి మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలిమానస్ సంఖ్య 14416 చెప్పి, దగ్గరలో ఉన్న మిత్రులెవరో కనుక్కొని వారికి తెలియజేయాలి. తాగుడు మానాలని ఉండి మానలేకపోతున్నవారు అడిగితే 14446 అన్న జాతీయ సహాయ సంఖ్య ఉంది. నిర్వాహకులు వైద్యులు కారు, కాని ఈ అంకెలు వెదుక్కోకుండా నోటికి రావాలి.

ఏ సాయంత్రం ఏమి పెట్టవచ్చు

ప్రతివారమూ కార్యక్రమం అక్కరలేదు. నెలకొకటి చాలు. అంత్యాక్షరి పెడితే అందరూ కలిసి పాడే ప్రయత్నం చేయవద్దు. ఒక్కొక్కరి ఇంటి నుంచి శబ్దం ఒక్కొక్క ఆలస్యంతో చేరుతుంది కనుక తాళం కుదరదు, ఒకరు పాడుతుండగా తక్కినవారు మ్యూట్‌లో ఉండాలి. జూమ్ వంటివి శబ్దాన్ని శుభ్రం చేసే క్రమంలో రాగాన్నీ వాద్యాన్నీ కూడా అనవసరపు చప్పుడుగా భావించి కోసివేస్తాయి. పాడేవారు సెట్టింగులలో ఒరిజినల్ సౌండ్ పెట్టుకుంటే పాట సరిగా వినిపిస్తుంది. పొడుపు కథలు, తిక్కన భారతం నుంచి ఒక పద్యం, చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలన్న చర్చ, ఇవన్నీ తేలికగా నడుస్తాయి.

కాస్త ఎక్కువగా చెప్పదలచినది రొట్టెల సాయంత్రం గురించి. మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగలో, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు తీసుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె, విదేశీ రొట్టె అని మతంతో నిమిత్తం లేకుండా జనం పంచుకుంటారు. ఆ పుణ్యకార్యాన్ని తెర మీద అనుకరించడం తగదు. కాని దాని లోని ఇచ్చిపుచ్చుకొనే పద్ధతిని మన బంకు గౌరవంగా అనుసరించవచ్చు. నిరుడు ఉద్యోగం దొరికినవారు "నా దగ్గర ఉద్యోగం రొట్టె ఉంది" అని రాయాలి. దానిని తీసుకున్నవారికి అరగంట కేటాయించి, వారి బయోడేటా చదివి దిద్దాలి, ఒక నమూనా ఇంటర్వ్యూ చేయాలి. విదేశీ రొట్టె ఇచ్చేవారు వీసా కాగితాల క్రమం, మొదటి నెల అద్దె ఇంటి వెతుకులాట గురించి చెప్పాలి. చదువు రొట్టె ఇచ్చేవారు ఒక పాఠం చెప్పాలి. ఎవరు ఎవరికి ఇచ్చారో పుస్తకంలో రాసుకొని, మరుసటి ఏడు తీసుకున్నవారి పని నెరవేరితే వారిచేత మరొకరికి ఇప్పించాలి. డబ్బు రొట్టె మాత్రం ఉండకూడదు. ఆ సాయంత్రం మద్యం ఇంట్లో తాగేవారు కూడా మానుకోవాలని ముందే కోరితే ఎవరూ కాదనరు.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి ఈశాన్య ఋతుపవనాల వానలు, తుపానులు వచ్చే కాలం. హెచ్చరిక ఉన్న రాత్రి పలక తీసివేసి, బంకును కబురు తెలుసుకొనే చోటుగా మార్చాలి. విద్యుత్తు, సిగ్నలు పొదుపుగా వాడుకోవలసిన రాత్రి కనుక మాటలు, వీడియోలు ఆపి రాతలకే పరిమితం కావాలి. పాత వరద వీడియోలను ఎవరైనా కొత్తవిగా పంపితే వెంటనే తొలగించాలి. సహాయానికి 112, విపత్తుల కంట్రోలు రూముకు 1070 అన్న అంకెలను పైన పిన్ చేయాలి. విదేశాలలో ఉన్నవారు అడిగేది ఒక్కటే, తమ తల్లిదండ్రులు క్షేమమా అని. ఏ ఊరివారు ఆ ఊరి సంగతి, స్వయంగా చూసినది మాత్రమే, వేళతో సహా రాయాలి.

మూసే వేళ, అప్పగించే వేళ

మాటల బంకును చెప్పిన వేళకు మూయాలి. పదిహేను నిమిషాల ముందు "ఆఖరి సోడాలు" అని ప్రకటించి, అంతవరకు నోరు విప్పనివారిని పేరు పెట్టి ఒకసారి పలకరించాలి. బంకు చూసేవారు అందరికంటే చివర వెళ్ళాలి, ఎందుకంటే ఏదైనా చెప్పుకోవాలనుకునే మనిషి జనం తగ్గేదాకా ఆగుతాడు. మరునాడు ఉదయం రాలేకపోయినవారి కోసం నాలుగు వాక్యాలలో రాత్రి కబుర్ల సారం రాయాలి. వ్యక్తిగతంగా చెప్పుకున్నవి అందులో ఉండకూడదు.

అలసట కూడా వస్తుంది. ఏడాదికి ఒకసారి బాధ్యత మరొకరికి అప్పగించే ఏర్పాటు మొదటినుంచే ఉంటే, ఎవరూ విసుగుతో మూసివేయవలసిన అవసరం రాదు. టెలిగ్రామ్‌లో గ్రూపు యాజమాన్యాన్ని మార్చాలంటే ప్రస్తుత యజమాని ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టి కనీసం ఏడు రోజులై ఉండాలి, కనుక ఆ పని ముందుగానే చేసి ఉంచుకోవాలి. పుస్తకాన్ని కూడా కొత్తవారికి ఇవ్వాలి. ఇచ్చే ముందు ఎవరెవరో నమ్మి చెప్పుకున్న కష్టాలున్న పేజీలను తీసివేసి, ఊరు, ఇష్టమైన పానీయం, సాధారణంగా వచ్చే వేళ అన్న మూడు సంగతులు, ఇంకా తీరవలసిన రొట్టెల జాబితా మాత్రం ఉంచాలి.